ఏనుగులు గౌన్లు తొడిగిన కాలం

గత సంచికలో నేను యూరప్ బ్యాలే గురించి, అంటే వేళ్ళ కొసల మీద నిలబడి ఆడే అక్కడి శాస్త్రీయ నృత్యం గురించి, నాలుగు ముక్కలు రాశాను. 1940 నుంచి 1965 దాకా నడిచిన కాలం అంటే నాకు మరీ ప్రాణమని కూడా అన్నాను. దాని మీద చాలా ఉత్తరాలు వచ్చాయి. విజయవాడలో పిల్లలకి కూచిపూడి నేర్పుకునే మనిషికి బ్యాలే మీద ఇంత ఇష్టమేమిటని కొందరు ఆశ్చర్యపోయారు. మావారి ఉద్యోగం వల్ల లండన్‌లో ఉన్నప్పుడు కోవెంట్ గార్డెన్ థియేటర్లో అన్నిటికన్నా పై వరసలో, చవక టికెట్ కొనుక్కుని కూర్చుని చూసేదాన్ని. నాకు బాగా నచ్చిన ఆ పాతిక సంవత్సరాల గురించి తర్వాత దొరికినదల్లా చదివాను. ఆ కాలపు కళాకారులకి చాలా లేవు. గుడ్డ లేదు, డబ్బు లేదు, ఒక్కోసారి థియేటరే లేదు. అయినా ఆట ఆపలేదు. నాకు వాళ్ళ మీద గౌరవం అందుకే. ఈసారి పేజీ అంతా మీ ప్రశ్నలకే.

*

అమ్మమ్మగారూ, ఏనుగుల చేత బ్యాలే చేయించారని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. మా క్లాసులో ఎవరూ నమ్మడం లేదు. నిజమేనా?
— ఏడో తరగతి విద్యార్థిని, తణుకు

నిజమే తల్లీ, ధైర్యంగా చెప్పు. 1942 ఏప్రిల్ 9న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, రింగ్లింగ్ బ్రదర్స్ సర్కస్‌లో జరిగింది. 50 ఏనుగులు, 50 మంది అమ్మాయిలు. ఏనుగుల నడుముకి గులాబి రంగు గౌన్లు, అదే, గుండ్రంగా విచ్చుకుని ఉండే బ్యాలే పావడాలు. నృత్యం కూర్చినవాడు జార్జ్ బాలన్‌షీన్. రష్యాలో పుట్టి, అమెరికా చేరి, ఆ దేశానికి బ్యాలే నేర్పిన పెద్ద గురువు ఆయన. సర్కస్ వాళ్ళు అడగ్గానే ఆయన తన స్నేహితుడు, మహా సంగీతకారుడు ఇగోర్ స్ట్రావిన్‌స్కీకి ఫోన్ చేశాడట. ఆ సంభాషణ ఇలా జరిగిందని చెప్పుకుంటారు. "బ్యాలేకి సంగీతం కావాలి." "ఎవరికోసం?" "ఏనుగుల కోసం." "వయసెంత?" "చిన్నవే." "చిన్నవైతే సరే, రాస్తాను."

అన్నట్టే రాశాడు కూడా. 'సర్కస్ పోల్కా' అని దాని పేరు, ఒక చిన్న ఏనుగు కోసం అని కింద రాసుకున్నాడు. నాలుగు నిమిషాలకి మించని ముక్క. చివర్లో పాతకాలపు సంగీతకారుడు షూబర్ట్ స్వరపరిచిన ఒక ప్రసిద్ధ మార్చ్, అంటే కవాతు సంగీతం, వినిపించి, వినేవాళ్ళకి నవ్వొస్తుంది. ముందు నడిచిన ఏనుగు పేరు మోడాక్. దానితో కలిసి ఆడిన నర్తకి బాలన్‌షీన్ భార్య వెరా జొరీనా. ఆ ఆట 425 సార్లు ఆడింది.

నాకు ఈ కథలో ఇష్టమైన సంగతి ఒకటి చెప్తాను. ఇద్దరూ అప్పటికే పెద్ద పేరున్నవాళ్ళు. సర్కస్ పని మనకెందుకని అనలేదు. తాళం లెక్క ఎంత కష్టంగా ఉండాలో అంత కష్టంగానే రాశాడు స్ట్రావిన్‌స్కీ, ఏనుగులు కదా అని తగ్గించలేదు. సర్కస్‌లో ఏనుగుల బతుకు సుఖమైనది కాదు. ఆ కంపెనీ 2016లో ఏనుగుల్ని ఆడించడం మానేసింది, అందుకు నాకు సంతోషమే. సంగీతం మాత్రం ఇప్పటికీ కచేరీల్లో వాయిస్తారు. మీ టీచర్ని అడిగి క్లాసులో వినిపించు.

*

మేడమ్, నేను డాన్సు ప్రోగ్రాములకి బట్టలు కుడతాను. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో గుడ్డకి రేషన్ ఉండేదని మీరే రాశారు. మరి అన్ని గౌన్లు ఎలా కుట్టగలిగారు?
— ఒక టైలర్, చీరాల

మీరు అడిగినందుకు ఎంత సంతోషమో చెప్పలేను. బ్యాలే పుస్తకాల్లో కుట్టుపని వాళ్ళ గురించి చాలా తక్కువ రాస్తారు.

ముందు గుడ్డ పోయిన కథ చెప్పాలి. ఇంగ్లండ్‌లో సాడ్లర్స్ వెల్స్ బ్యాలే అని ఒక బృందం ఉండేది. దాన్ని 1931లో పెట్టిన మనిషి నినెట్ ద వల్వా, ఐర్లండ్‌లో పుట్టిన ఆడమనిషి, మహా పట్టుదల కలది. 1940 మే నెలలో ఈ బృందం హాలండ్‌లో ఊరూరా ఆడుతోంది. మే 10న జర్మన్ సైన్యం ఆ దేశం మీద పడింది. పారాచూట్లతో సైనికులు దిగుతున్నారు. వీళ్ళు బస్సులో సముద్రం ఒడ్డుకి చేరి, సరుకులు మోసే ఓడ అడుగున పడుకుని ఇంగ్లండ్ వచ్చారు. ఆరు బ్యాలేల దుస్తులు, సెట్టింగులు, సంగీతం రాసిన కాగితాలు అన్నీ అక్కడే ఉండిపోయాయి. సంగీత దర్శకుడు కాన్‌స్టంట్ లాంబర్ట్ రాసిన 'హారొస్కోప్' అనే బ్యాలే పూర్తి స్వరలిపి మళ్ళీ దొరకలేదు. అంటే ఆ సంగీతంలో కొన్ని ముక్కలు తప్ప ఈ రోజు ఎవరూ వినలేరు. నాకు ఆ ఓడలో వచ్చిన ప్రాణాలు దక్కినందుకు ఆనందం, ఆ కాగితాలు పోయినందుకు బాధ, రెండూ ఉన్నాయి.

తిరిగొచ్చాక మళ్ళీ ఆడారు. వాద్యబృందం లేదు, రెండు పియానోల మీద సంగీతం. ఒక పియానో దగ్గర లాంబర్టే కూర్చునేవాడు. రాత్రి బాంబులు పడతాయని లండన్‌లో కొన్ని థియేటర్లు మధ్యాహ్నం భోజనం వేళకే బ్యాలే పెట్టాయి. ఆఫీసుల నుంచి జనం వచ్చి చూసి పోయేవారు.

1941 నుంచి 1949 దాకా ఇంగ్లండ్‌లో బట్టలకి కూపన్లు. మీరు డాన్సు బట్టలు కుట్టేవారు కాబట్టి తెలుస్తుంది, బ్యాలే గౌను ఎంత గుడ్డ మింగుతుందో. నడుము దగ్గర పది పన్నెండు వరసల నెట్టు, ఒక్కో వరస ఒక్కో వెడల్పు, అన్నీ చేత్తో టాకాలు వేసి అడ్డంగా నిలబెట్టాలి. పైన బాడీకి ముక్కలు ముక్కలుగా కత్తిరించి ఒంటికి అతికినట్టు కుట్టాలి, వెనక హుక్కులు. ఆ గౌన్లని బీరువాలో తలకిందులుగా వేలాడదీస్తారు. మామూలుగా వేలాడదీస్తే నెట్టు వాలిపోతుంది.

ఇక 1946. కోవెంట్ గార్డెన్‌లోని పెద్ద ఆపెరా థియేటర్ని యుద్ధంలో జనం జంటలుగా డాన్సులు చేసుకునే హాలుగా వాడారు. యుద్ధం అయ్యాక దాన్ని మళ్ళీ తెరిచే పని ఈ బృందానికి వచ్చింది. ఫిబ్రవరి 20న, 'స్లీపింగ్ బ్యూటీ' ఆటతో. రాజకుటుంబం వచ్చింది. దేశమంతా కూపన్లు లెక్కపెట్టుకుంటున్న రోజుల్లో ఒక రాజసభనంతా వేదిక మీద నిలబెట్టాలి. డిజైన్లు వేసిన ఆలివర్ మెసెల్‌కి చేతికి దొరికిన వస్తువుతో పని చేసే నేర్పు ఉండేది. పొగ తాగే పైపులు శుభ్రం చేసుకునే సన్న తీగలు వంచి కిరీటాలు, పూలు చేసేవాడు. దూరం నుంచి అవి వెండి పనిలా కనిపించేవి. రాబర్ట్ హెల్ప్‌మన్ అనే నటుడు ఆ రాత్రి శాపం పెట్టే మంత్రగత్తె వేషమూ వేశాడు, శాపం విడిపించే రాకుమారుడి వేషమూ వేశాడు. మధ్యలో ఎంత హడావిడిగా బట్టలు మార్చి ఉంటారో మీకు చెప్పక్కర్లేదు.

అదే ఆటని 1949 అక్టోబర్ 9న న్యూయార్క్ తీసుకెళ్ళారు. ధనవంతుల దేశం వాళ్ళు, కూపన్ల దేశం నుంచి వచ్చిన రాజసభని చూసి పరవశించిపోయారు. రాకుమారి వేషం వేసిన మార్గో ఫాంటెయిన్ బొమ్మ నెల తిరిగేసరికి 'టైమ్' పత్రిక ముఖచిత్రం మీదికి వచ్చింది. ఆ గౌన్లు కుట్టిన వాళ్ళ ఫోటోలు కూడా ఎవరో ఒకరు వేసి ఉండాల్సింది.

*

ఇంగ్లీషు వాళ్ళందరికీ ఆ రష్యన్ పేర్లేమిటండీ?
— పాఠకుడు, గుంటూరు

బ్యాలే అంటే రష్యా వాళ్ళదే అని జనం నమ్మిన రోజులు. టికెట్లు అమ్ముడుపోవాలంటే రష్యన్ పేరు కావాలి. లండన్‌లో పుట్టిన లిలియన్ అలీసియా మార్క్స్ అలీసియా మార్కోవా అయింది. పాట్రిక్ హీలీ కే అనే కుర్రవాడు ఆంటన్ డోలిన్ అయ్యాడు. హిల్డా మనింగ్స్ ఏకంగా లిడియా సొకొలోవా. మార్గో ఫాంటెయిన్ అసలు పేరు పెగ్గీ హుక్హమ్. ఆమె మాత్రం రష్యా వైపు పోలేదు, తల్లి పుట్టింటి పేరు ఫాంటెస్‌ని కాస్త మార్చుకుంది.

ఒప్పుకోని పిల్ల ఒకర్తె ఉంది. ఓక్లహోమాలో ఒసేజ్ అనే ఆదివాసీ జాతిలో పుట్టిన మరియా టాల్‌చీఫ్. చివర ఒక అక్షరం తగిలించి 'టాల్‌చీవా' చేసుకో, రష్యన్ పిల్లవనుకుంటారు అని సలహా ఇచ్చారు. ఇంటిపేరు జోలికి రావద్దంది. ఆ ఇంటిపేరుతోనే 1949లో బాలన్‌షీన్ 'ఫైర్‌బర్డ్'లో నాట్యం చేసి అమెరికా అంతా మోగించింది. ఆవిడంటే నాకు చాలా గౌరవం.

*

అమ్మా, నేను రిటైరైన రైల్వే ఉద్యోగిని. మా చిన్నతనంలో 'సోవియట్ భూమి' పత్రిక వచ్చేది. ఆ నున్నటి కాగితాలతో పుస్తకాలకి అట్టలు వేసుకునేవాళ్ళం. నా లెక్కల పుస్తకం అట్ట మీద తలకి తెల్ల ఈకలు పెట్టుకుని, చేతులు రెక్కల్లా చాపిన ఒకావిడ ఉండేది. ఆవిడ ఎవరై ఉంటారు?
— పాఠకుడు, కాజీపేట

నమస్కారమండీ. మా ఇంట్లోనూ ఆ అట్టలే. మీరు చెప్పిన ఈకలు, చేతులు బట్టి ఆ వేషం 'స్వాన్ లేక్' హంసదే. ఆ రోజుల్లో మాస్కోలోని బొల్షోయ్ థియేటర్లో ఆ వేషానికి పెట్టింది పేరు మాయా ప్లిసెట్‌స్కయా. ఆవిడే అయ్యుండవచ్చు. చేతుల్లో ఎముకలు లేవేమో అనిపించేలా భుజం నుంచి వేలి కొస దాకా అల కదిలించేది. సుమారు 800 సార్లు ఆ హంస వేషం కట్టింది. విదేశాల నుంచి ఏ పెద్దమనిషి వచ్చినా సోవియట్ ప్రభుత్వం ఆయన్ని తీసుకెళ్ళి ముందు ఆవిడ ఆట చూపించేది. కానీ ఆవిడ తండ్రిని 1938లో అదే ప్రభుత్వం కాల్చి చంపింది, తల్లిని శిబిరానికి పంపింది. మన లెక్కల పుస్తకాల మీద వెలిగిన ఆ మొహం వెనక ఇంత ఉంది.

1956లో బొల్షోయ్ మొదటిసారి లండన్ వెళ్ళినప్పుడు ఆవిడని పంపలేదు. అసలు ఆ ప్రయాణమే ఐదు టోపీల వల్ల ఆగిపోబోయింది. ఆ ఆగస్టులో నీనా పొనమరోవా అనే సోవియట్ డిస్కస్ క్రీడాకారిణి పోటీకి లండన్ వచ్చింది. ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో ఒక దుకాణంలో డబ్బు కట్టకుండా ఐదు టోపీలు తీసుకుందని కేసు పెట్టారు. రెండు పౌన్ల విలువ కూడా చెయ్యని టోపీలు. సోవియట్ వైపు మండిపడ్డారు, కేసు తీసెయ్యకపోతే బ్యాలే రాదన్నారు. లండన్‌లో టికెట్ల కోసం జనం ఫుట్‌పాత్ మీద దుప్పట్లు పరుచుకుని పడుకుంటున్నారు. చివరికి బృందం వచ్చింది. అక్టోబర్ 3న 'రోమియో అండ్ జూలియట్' ఆడింది. టోపీల కేసు ఆ తర్వాత కోర్టుకి వచ్చి మూడు గినీల ఖర్చులతో తేలిపోయింది.

ఆ రాత్రి జూలియట్ గలీనా ఉలనోవా. వయసు 46. వేషం వయసు ఇంకా 14 నిండనిది. మేకప్ లేకుండా చూస్తే బడిపంతులమ్మలా ఉంటుంది. సినిమా రీళ్ళలో ఆమె పరుగు చూశాను నేను. దుప్పటి భుజాల మీద వేసుకుని వేదిక ఈ చివర నుంచి ఆ చివరికి పరిగెడుతుంది, అంతే. ఆ పరుగులో పద్నాలుగేళ్ళ పిల్ల తప్ప ఇంకెవరూ కనిపించరు. కొత్తగా నేర్చుకునే పిల్లలకి నేను ఆ పరుగు చూపిస్తాను, అడుగులు నేర్పడం కన్నా ముందు.

*

టీచర్ గారూ, నాకు 15 ఏళ్ళు. కూచిపూడిలో స్త్రీ వేషం నేర్చుకుంటున్నాను. స్కూల్లో ఏడిపిస్తారు. మగవాళ్ళు ఆడవేషం వేయడం బ్యాలేలో కూడా ఉందా?
— ఒక అబ్బాయి, మొవ్వ

నాయనా, ఉంది. ఉండడమే కాదు, ఇంగ్లండ్‌లో అందరికన్నా గొప్ప నృత్య దర్శకుడే ఆ వేషం వేశాడు. ఫ్రెడరిక్ ఆష్టన్ 1948 డిసెంబర్‌లో 'సిండరెల్లా' కూర్చాడు. అందులో సవతి అక్కలిద్దరూ మగవాళ్ళే. ఒకరు రాబర్ట్ హెల్ప్‌మన్, పెత్తనం చేసే అక్క. రెండో అక్క ఆష్టనే. బిడియం, మతిమరుపు, డాన్సు అడుగులు సగంలో మర్చిపోయి కంగారు. జనం నవ్వారు, కానీ ఆ అక్క మీద జాలి కూడా పడ్డారు.

నేను కళ్ళారా చూసింది ఆష్టన్ ఇంకో బ్యాలే, 'లా ఫీ మాల్ గార్డే'. 1960 జనవరి 28న మొదటిసారి ఆడారు. పల్లెటూరి కథ. సిమోన్ అనే వితంతువు, ఆమె కూతురు లీజ్. కూతురు ఒక రైతు కుర్రాణ్ణి ప్రేమిస్తుంది. తల్లి డబ్బున్న ద్రాక్షతోట ఆసామి కొడుక్కి ఇవ్వాలంటుంది. ఆ కొడుకుకి లోకంలో ఎర్ర గొడుగు తప్ప ఏదీ అక్కర్లేదు. తెర లేవగానే ఒక కోడిపుంజు, నాలుగు పెట్టలు నాట్యం చేస్తాయి. మనుషులే, కోడి వేషాల్లో. బండికి మాత్రం నిజమైన పొట్టి గుర్రాన్నే కట్టి వేదిక మీదికి తోలుకొస్తారు. నేను చూసిన రోజు అది మధ్యలో ఆగి జనం వైపు చూసింది. ఎవరూ కంగారు పడలేదు.

సిమోన్ వేషం మగవాడిదే. మొదట వేసినవాడు స్టాన్లీ హోల్డెన్. చెక్క బూట్లు తెచ్చి ఆమె ముందు పెడతారు. అమ్మ మొదట వద్దంటుంది, తర్వాత వాటి వైపు ఓరగా చూస్తుంది, తొడుక్కుంటుంది, ఇక ఆగదు. ఉత్తర ఇంగ్లండ్‌లో లాంకషైర్ మిల్లు కార్మికులు ఆడిన చెక్క బూట్ల డాన్సు అది. పాదం మడమ నుంచి వేళ్ళ దాకా చప్పుడు చేస్తుంది. గాల్లో తేలే బ్యాలేలో ఒక్కసారి నేల మోగేసరికి నాకు మన పాదఘాతం గుర్తొచ్చి ఒళ్ళు పులకరించింది.

ఇంకో ఘట్టం ఉంది, అది మరీ మనది. అమ్మ బయటికి వెళ్ళిందనుకుని లీజ్ ఒంటరిగా పగటికలలు కంటుంది. పెళ్ళి, కడుపు, పిల్లలు, ఒకణ్ణి మందలించడం, పసిదాన్ని ఊపడం, అంతా చేతులతో, కళ్ళతో. పాట లేదు, మాట లేదు. దీన్ని ఆష్టన్ సొంతంగా కల్పించలేదు. పాత రష్యాలో గొప్ప నర్తకి తమారా కర్సావినా అప్పటికి లండన్‌లో ఉండేది. ఆవిడ ముసలితనంలో తన చేతులతో ఆ అభినయం చూపిస్తే ఆయన నేర్చుకుని పెట్టాడు. మనకి గురువు ఎదురుగా కూర్చుని ఎలా వచ్చిందో అలాగే వాళ్ళకీ వచ్చింది.

తేడా కూడా చెప్పాలి. వాళ్ళ ఆడవేషం చాలా వరకు నవ్వు కోసం. నువ్వు నేర్చుకునేది వేరు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామని నేను చూశాను. తెర మీద నుంచి జడ ఇవతలికి పడగానే కబుర్లు చెప్పుకుంటున్న ఆడవాళ్ళు కూడా గప్‌చుప్. ఆ నడక చూసి నడక దిద్దుకున్న ఇల్లాళ్ళు నాకు తెలుసు. 1961లోనే కేంద్ర సంగీత నాటక అకాడమీ ఆయన్ని గౌరవించింది. అక్కడ నవ్వించినా ఇక్కడ మెప్పించినా సాధన ఒకటే, ఒళ్ళు వంచాల్సిందే. ఏడిపించే వాళ్ళని ఒకసారి నీ ప్రోగ్రామ్‌కి ముందు వరసలో కూర్చోబెట్టు. నాకు వీడియో పంపు, తప్పకుండా చూసి రాస్తాను.

*

ఒక నృత్య దర్శకుడు కత్తి యుద్ధం చేశాడని చదివాను. అబద్ధమా, నిజమా?
— లా విద్యార్థి, కర్నూలు

నిజం. 1958 మార్చి 30, ఫ్రాన్స్. ఒకవైపు సెర్జ్ లిఫార్, పారిస్ ఆపెరాని ఏళ్ళ తరబడి ఏలిన నర్తకుడు, 52 ఏళ్ళు. రెండోవైపు మార్క్వీ ద క్వేవాస్, చిలీలో పుట్టి, రాక్‌ఫెల్లర్ మనవరాల్ని పెళ్ళాడి, ఆ డబ్బుతో బ్యాలే బృందాన్ని నడిపిన పెద్దాయన, 72 ఏళ్ళు. లిఫార్ కూర్చిన 'బ్లాక్ అండ్ వైట్' బ్యాలేని మార్క్వీ బృందం మార్పులతో ఆడింది. మాటా మాటా పెరిగింది. చెంపదెబ్బ పడింది. కత్తులతో తేల్చుకుందామన్నారు. ఫ్రాన్స్‌లో అప్పటికే ద్వంద్వయుద్ధం చట్టవిరుద్ధం, మీకు తెలిసే ఉంటుంది. రహస్యమన్న చోటికి 50 మంది దాకా పత్రికల వాళ్ళు కెమెరాలతో వచ్చారు. కాసేపటికి లిఫార్ ముంజేతి మీద గీత పడి నెత్తురు కనిపించింది. ఇద్దరూ కత్తులు వదిలేసి, కావలించుకుని ఏడ్చారు.

చాలామంది దీన్ని తమాషాగానే చెప్తారు. నాకు లిఫార్ బాధ అర్థమవుతుంది. నృత్యాన్ని కాగితం మీద రాసి దాచుకోవడం అప్పట్లో అరుదు. ఒంట్లో ఉన్నదే ఆస్తి. మా గురువుగారి జతిలో ఎవరైనా ఒక అడుగు మార్చి, అది ఆయనదేనని చెప్పి ఆడిస్తే నేనూ ఊరుకోను. కత్తి పట్టను గానీ, మాట్లాడటం మాత్రం మానేస్తాను.

*

మేము చెన్నైలో ఉంటాం. మన దేశానికి ఆ కాలపు బ్యాలేతో ఏమైనా సంబంధం ఉందా?
— పాఠకురాలు, చెన్నై

మీ ఊళ్ళోనే ఉంది. కళాక్షేత్ర పెట్టిన రుక్మిణీదేవి అరుండేల్ మొదట నేర్చుకున్నది బ్యాలే, ప్రసిద్ధ రష్యన్ నర్తకి అన్నా పావ్లోవా బృందంలోని క్లియో నోర్డీ దగ్గర. మీ దేశపు నాట్యం వెతుక్కో అని ఆమెని ఇటు తిప్పింది పావ్లోవాయే. 1923లో లండన్‌లో పావ్లోవాతో రాధాకృష్ణుల నృత్యం చేసిన ఉదయ్ శంకర్, తర్వాత మద్రాసు జెమినీ స్టూడియోలోనే 'కల్పన' సినిమా తీశాడు, 1948లో విడుదలైంది. ఆయన దగ్గర పనిచేసిన శాంతి బర్ధన్ 1952లో బొంబాయిలో లిటిల్ బ్యాలే ట్రూప్ పెట్టాడు. మనుషులే తోలుబొమ్మల్లా, చెక్కబొమ్మల్లా కదిలే రామాయణం కూర్చాడు. క్షయతో బాధపడుతూనే పనిచేసి, 1954లో కన్నుమూశాడు. ఆయన గురించి ఇంకోసారి పేజీ మొత్తం రాస్తాను, ఇక్కడ సరిపోదు.

*

ఒక ఆట అయ్యాక చప్పట్లు ఆగక 89 సార్లు తెర లేపారట. ఎక్కడ, ఎవరికి?
— పాఠకుడు, వరంగల్

1964 అక్టోబర్, వియన్నా. 'స్వాన్ లేక్' ఆడింది మార్గో ఫాంటెయిన్, రుడాల్ఫ్ నురేయెవ్. ఆ నురేయెవ్ సోవియట్ నర్తకుడు, సైబీరియాలో పరిగెడుతున్న రైల్లో పుట్టాడు. 1961 జూన్ 16న పారిస్ విమానాశ్రయంలో, మాస్కోకి తీసుకుపోబోతుంటే ఫ్రెంచ్ పోలీసుల దగ్గరికి వెళ్ళి ఆశ్రయం అడిగాడు. తర్వాతి ఏడాది ఫాంటెయిన్‌తో మొదటిసారి లండన్‌లో 'జిసెల్' ఆడినప్పుడు అతనికి 23, ఆమెకి 42. ఆమె ఇక విశ్రాంతి తీసుకుంటుందని అందరూ అనుకుంటున్న సమయం. ఈ కుర్రవాడి పక్కన నిలబడగలనా అని ఆలోచించి, నిలబడింది.

వియన్నా చప్పట్ల గురించి రాసేవాళ్ళు ఒక సంగతి పక్కన పెట్టేస్తారు. దానికి నాలుగు నెలల ముందు, జూన్‌లో, ఆమె భర్త రొబెర్టో అరియాస్‌ని పనామాలో తుపాకీతో కాల్చారు. ఆయనకి మెడ కింద కదలిక లేకుండా పోయింది. ఆమె నాట్యం చేస్తూ, వైద్యానికి డబ్బు సంపాదిస్తూ, ఆయన్ని చక్రాల కుర్చీలో తనతో తిప్పుకుంది. అరవై ఏళ్ళ దగ్గర దాకా వేదిక దిగలేదు. తర్వాత ఇద్దరూ పనామాలో పశువులు పెంచుకుంటూ చిన్న ఇంట్లో ఉన్నారు. 89 అనే లెక్క కన్నా, ఆమె ఆ రాత్రి వేదిక మీదికి రాగలిగిందన్నదే నాకు పెద్ద సంగతి.

*

అమ్మా, నాకు చూపు మందగిస్తోంది. డాన్సు టీచర్ని. మానేయాలా?
— ఒక సోదరి, నిజామాబాద్

తల్లీ, డాక్టరు చెప్పింది ముందు. కానీ అలీసియా అలోన్సో గురించి నీకు చెప్పాలి. క్యూబా పిల్ల. 1941లో, ఇరవై ఏళ్ళకే కంటి రెటీనా ఊడింది. ఆపరేషన్లు చేసి, కదలొద్దని నెలల తరబడి మంచం మీద పడుకోబెట్టారు. తనూ నర్తకుడైన భర్త ఫెర్నాండో పక్కన కూర్చుంటే, వేళ్ళనే పాదాలు చేసుకుని 'జిసెల్' మొత్తం నేర్చుకుంది. 1943 నవంబర్ 2న న్యూయార్క్‌లో మార్కోవాకి ఒంట్లో బాగుండకపోతే ఆ వేషం ఈమె వేసింది, ఆ ఒక్క రాత్రితో పేరొచ్చింది. వేదిక మీద గాఢమైన రంగు దీపాలు పెట్టించుకుని వాటిని గుర్తుగా పట్టుకుని ఆడేది. పక్కన ఆడేవాళ్ళు మెల్లగా దారి చెప్పేవారు. 1948లో హవానాలో సొంత బృందం పెట్టింది. చూపు దాదాపు లేకపోయినా దశాబ్దాల తరబడి శిష్యుల్ని తయారుచేసింది. 2019లో 98 ఏళ్ళకి పోయింది.

అడుగుల చప్పుడు విని తాళం తప్పింది ఎవరో చెప్పగలవు కదా నువ్వు? పెద్ద శిష్యురాలిని పక్కన పెట్టుకో. క్లాసు నడుస్తుంది. ఒకసారి నాకు ఫోన్ చెయ్యి, నంబరు పత్రిక ఆఫీసులో ఇస్తారు.

*

మా పాపకి ఎనిమిదేళ్ళు. వీడియోల్లో చూసి వేళ్ళ మీద నిలబడే బూట్లు కావాలని ఒకటే గొడవ. కొనిపెట్టమంటారా?
— ఒక తల్లి, హైదరాబాద్

ఇప్పుడు వద్దమ్మా. ఆ బూటు ఎలా తయారవుతుందో చెప్తే మీకే అర్థమవుతుంది. ముందు భాగంలో ఇనుమూ చెక్కా ఏమీ ఉండవు. గోనె గుడ్డ, కాగితం పొరలు పొరలుగా జిగురుతో అంటించి, మన కొండపల్లి బొమ్మకి మక్కు పట్టించినట్టు చేత్తో తీర్చి, రాత్రంతా వేడిలో ఆరబెడతారు. లోపలిది బయటికి తిప్పి కుట్టి, తర్వాత మళ్ళీ తిరగేస్తారు. లండన్‌లో 1929లో మొదలైన ఫ్రీడ్ అనే కంపెనీలో ఒక్కో పనివాడు తను చేసిన బూటు అడుగున తన గుర్తు వేస్తాడు. చేప, గంట, ఏదో ఒక అక్షరం, ఇలా. ఒక నర్తకి ఏళ్ళ తరబడి ఒకే పనివాడి బూట్లు తొడుగుతుంది, అతని మొహం ఎన్నడూ చూడకపోవచ్చు. అతను మానేస్తే ఆమెకి టెన్షన్ మొదలవుతుంది.

అంత శ్రమపడి చేసిన బూటు ఒక పెద్ద వేషానికి ఒక్క రాత్రిలో మెత్తబడిపోతుంది. నేను చెప్పిన ఆ యుద్ధకాలపు పిల్లలకి అలా పారేసే వీలు లేదు. కొసకి దారంతో దట్టంగా రఫ్ఫు చేసుకునేవారు. కొత్త జత వస్తే చప్పుడు తగ్గాలని మెట్ల మీద బాదేవారు, తలుపు సందులో పెట్టి వంచేవారు. రిబ్బన్లు ఎవరివి వాళ్ళే కుట్టుకోవాలి, ఎంత పెద్ద నర్తకి అయినా సరే.

ఇందులో బరువు మోసేది బూటు కాదు. చీలమండ, పిక్క, నడుము. ఎనిమిదేళ్ళ పిల్ల పాదంలో ఎముకలు ఇంకా గట్టిపడలేదు. మంచి స్కూళ్ళలో కొన్నేళ్ళు మెత్తని బూట్లతో నేర్పి, పదకొండు పన్నెండేళ్ళకి, అదీ టీచరు పాదం పట్టి చూసి ఒప్పుకున్నాకే ఇస్తారు. ఇప్పుడు పాపకి మెత్తని గుడ్డ బూట్లు కొనండి, క్లాసులో చేర్పించండి. చేర్చే ముందు ఆ టీచర్ని అడగండి, ఏ వయసుకి వేళ్ళ మీద నిలబెడతారని. నెల రోజుల్లో నిలబెడతాం అన్న చోట డబ్బు కట్టకండి.